మిషన్‌లో ఒక వారం: ఎల్డర్లు, సిస్టర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొడుకునో కూతురినో మిషన్‌కి, అంటే జనం మోర్మన్లు అని పిలిచే సంఘం తరఫున మత ప్రచారానికి, పంపిన తల్లిదండ్రులు, వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతున్న కుర్రాళ్లు, వీధిలో ఇద్దరిద్దరుగా నడిచిపోయేవాళ్లను చూసి "ఎవరబ్బా వీళ్లు" అనుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. నేనూ మిషన్ చేసి వచ్చినవాణ్నే. ఇవి సంఘం తరఫున చెప్పే మాటలు కావు, నాకు తెలిసినవి. ఒక్కో మిషన్‌లో పద్ధతులు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

వీళ్లెవరు? ఎన్నాళ్లు ఉంటారు?

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము పంపే యువతీ యువకులు. బయటివాళ్లు మోర్మన్లు అంటారు. ఆ పేరు వద్దు, పూర్తి పేరే వాడండి అని 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ కోరారు కానీ, జనం నోట్లో ఇంకా పాతదే నడుస్తోంది. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ ఈ సంఘాన్ని స్థాపించారు. ఇప్పుడు దాని కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. పెట్టిన ఏడాదే స్మిత్ తమ్ముడు శామ్యూల్, అప్పుడే అచ్చయిన, ఈ సంఘం పవిత్రంగా చూసే మోర్మన్ గ్రంథం ప్రతులు సంచిలో వేసుకుని ఊళ్ల మీద బయల్దేరాడు. మిషనరీ పని అంత పాతది.

అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు ఉంటారు. 2012 అక్టోబరులో వయసు నిబంధన సడలించి అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించారు. 2025 నవంబరులో అమ్మాయిలకూ 18 చేశారు. 2012 నుంచి స్కూలు చదువు అవుతూనే బయల్దేరే పిల్లలు బాగా పెరిగారు. 2024 చివరికి పూర్తికాలం బోధించే మిషనరీలు 74,000 మందికి పైనే. అబ్బాయిని ఎల్డర్ అనీ అమ్మాయిని సిస్టర్ అనీ ఇంటిపేరుతో కలిపి పిలుస్తారు. ఒకే గదిలో ఉండేవాళ్లూ అలాగే పిలుచుకుంటారు. ఇంట్లో ముద్దుపేరుతో పెరిగిన పిల్లలకి మొదట్లో ఇది మహా వింతగా ఉంటుంది.

ఏ దేశానికి వెళ్లాలో వాళ్లే ఎంచుకుంటారా?

లేదు. అడిగే వీలు కూడా లేదు. డాక్టరు, డెంటిస్టు రిపోర్టులు పెట్టి, బిషప్‌తోనూ (స్థానిక సంఘ పెద్ద), స్టేక్ ప్రెసిడెంట్‌తోనూ (అలాంటి కొన్ని సంఘాల మీద పెద్ద) ఇంటర్వ్యూలు అయ్యాక దరఖాస్తు కేంద్రానికి వెళ్తుంది. సంఘాన్ని నడిపే పెద్దలైన పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకరు దాన్ని చూసి మిషన్ కేటాయిస్తారు. ఇదివరకు పిలుపు పెద్ద కవరులో పోస్టులో వచ్చేది. 2018లో ఆన్‌లైన్‌కి మార్చారు. చుట్టాలందరినీ పోగేసి వాళ్ల ముందే తెరిచి చదివే ముచ్చట మాత్రం పోలేదు. పక్క రాష్ట్రం రావచ్చు, పేరు కూడా వినని దేశం రావచ్చు.

వెళ్లగానే పనిలో దిగిపోతారా?

ముందు శిక్షణ. మొదటి కొద్ది రోజులు ఇంటి నుంచే వీడియోలో జరుగుతుంది, ఆ తర్వాత శిక్షణ కేంద్రానికి వెళ్తారు. వీటిలో పెద్దది యూటాలోని ప్రోవోలో ఉంది. అక్కడ 50కి పైగా భాషలు నేర్పుతారు. వచ్చిన భాషలోనే పనిచేయబోయేవాళ్లు త్వరగా బయటపడతారు, కొత్త భాష నేర్చుకునేవాళ్లు మరికొన్ని వారాలు ఎక్కువ ఉంటారు. మొదటి వారంలోనే ఆ కొత్త భాషలో పాఠం చెప్పమంటారు. క్రియాపదం ఎక్కడ పెట్టాలో తెలియదు, దేవుడి గురించి మాట్లాడాలి! అక్కడ అందరూ తడబడేవాళ్లే కాబట్టి సిగ్గు తొందరగానే పోతుంది.

మిషన్‌కి చేరాక అనుభవం ఉన్న మిషనరీ ఒకరిని ట్రైనర్‌గా జతచేస్తారు. మొదటి 12 వారాలు ట్రైనర్ దగ్గర పని నేర్చుకోవడమే.

మామూలు రోజు ఎలా ఉంటుంది?

పొద్దున 6:30కి లేవాలి. వ్యాయామం, స్నానం, టిఫిన్. తర్వాత ఒక్కరే కూర్చుని లేఖనాలు చదువుకోవడం, ఆపైన కంపానియన్‌తో (జంటగా ఉండే తోటి మిషనరీతో) కలిసి చదవడం, భాష నేర్చుకునేవాళ్లయితే దానికింత సమయం. పదింటికల్లా రోడ్డు మీద ఉంటారు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో గదికి చేరి, 10:30కి లైటు ఆర్పేయాలి. 2017లో ఈ టైమ్‌టేబుల్‌ని కొంచెం వదులు చేశారు. ఆ దేశపు వాతావరణాన్నీ జనం అలవాట్లనీ బట్టి మిషన్ ప్రెసిడెంట్, అంటే ఆ మిషన్‌లోని మిషనరీలందరికీ పెద్ద, గంటలు మార్చుకోవచ్చు. ఈ ప్రెసిడెంట్ కూడా జీతానికి వచ్చిన ఉద్యోగి కాదు, భార్యతో కలిసి 3 ఏళ్లు సేవ చేయడానికి వచ్చిన సభ్యుడే.

మా అబ్బాయి ఎప్పుడు చూసినా సోమవారం, సోమవారం అంటాడు. ఏముంది ఆ రోజు?

చాలా మిషన్లలో సోమవారం పీ-డే, అంటే సిద్ధపడే రోజు. కొన్నిచోట్ల వేరే రోజు పెట్టుకుంటారు. పేరు విని సెలవు అనుకునేరు. ఆరు రోజుల పని సాగాలంటే కావలసినవన్నీ ఆ ఒక్క పగట్లో సర్దుకోవాలి. గదిలోకి తొంగి చూస్తే ఒకడు బాత్‌రూమ్‌లో తెల్ల చొక్కాల కాలర్లు బ్రష్షుతో రుద్దుతుంటాడు (రోజంతా ఎండలో నడిస్తే కాలరు లోపలి గీత మామూలుగా ఉతికితే వదలదు). ఇంకొకడు వారానికి సరిపడా సరుకుల జాబితా రాస్తూ చేతిలో ఎంత మిగిలిందో లెక్క చూసుకుంటుంటాడు. గది ఊడవాలి, జుట్టు కత్తిరించుకోవాలి, బూటు అడుగు ఊడొస్తే కుట్టించుకోవాలి. మిషన్ ప్రెసిడెంట్‌కి వారం వారం రాసే ఉత్తరం కూడా సాధారణంగా ఆ రోజే. ఇవన్నీ తెమిలాక టైమ్ మిగిలితే డిస్ట్రిక్ట్‌లోని (దగ్గర్లో పనిచేసే కొన్ని మిషనరీ జంటల గుంపులోని) వాళ్లందరూ కలిసి బాస్కెట్‌బాలో ఫుట్‌బాలో ఆడతారు, లేదా ఊళ్లో చూడదగ్గ చోటికి వెళ్లొస్తారు. ఈత మాత్రం కుదరదు, నిబంధనలు ఒప్పుకోవు. సాయంత్రం ఆరయ్యేసరికి మళ్లీ టై కట్టుకుని, ఎవరికైనా పాఠం చెప్తామని మాటిచ్చి ఉంటే అక్కడికి బయల్దేరతారు.

కాబట్టి సోమవారం వాడు ఫోన్లో హడావిడిగా మాట్లాడితే ప్రేమ తగ్గిందనుకోకండి. పక్కన బట్టలు నానుతుంటాయి.

ఇంటికి ఎన్నిసార్లు మాట్లాడొచ్చు?

వారానికోసారి, పీ-డే రోజున. ఫోన్, వీడియో కాల్, మెసేజ్, ఈ-మెయిల్ ఏదైనా సరే. 2019 ఫిబ్రవరి 15 దాకా ఇలా లేదు. వారం వారం ఈ-మెయిల్ ఉండేది కానీ గొంతు వినాలంటే ఏడాదికి రెండే సందర్భాలు: క్రిస్మస్, మాతృ దినోత్సవం. పాతకాలం మిషనరీలు కొందరు "ఇప్పటి పిల్లలకి అంతా సుఖమే" అని గొణుగుతారు. నన్నడిగితే ఈ మార్పు ఎప్పుడో రావాల్సింది.

ఇంట్లో ఇబ్బందులు చెప్పొద్దు, వాడి మనసు చెదురుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ప్రతి చిన్న గొడవా చెప్పక్కర్లేదు నిజమే. కానీ ఒంట్లో బాగాలేని సంగతో ఉద్యోగం పోయిన సంగతో దాచి, ఆ తర్వాత మూడో మనిషి ద్వారా తెలిస్తే ఇంకా పెద్ద దెబ్బ. చెప్పండి. ఇంకో మాట, "అంతా బాగుందా?" అని అడక్కండి. బాగుందనే అంటాడు. "కంపానియన్ ఎలా ఉన్నాడు?" అని అడగండి. వారం ఎలా గడిచిందో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

కంపానియన్ అంటే రూమ్మేట్ లాంటివాడేనా?

రూమ్మేట్‌తో పడకపోతే బయటికెళ్లి తిరిగి రావచ్చు. కంపానియన్‌తో ఆ దారి లేదు. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలోనే ఉండాలి. ఒక్కరుగా ఉండేది బాత్‌రూమ్‌లోనే. బజారుకి వెళ్లినా, డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఒకడికి జ్వరం వచ్చి మంచమెక్కినా రెండోవాడు పక్కనే. ఎవరిని ఎవరితో వేయాలో మిషన్ ప్రెసిడెంట్ నిర్ణయిస్తారు. భాష, దేశం, పెంపకం, హాస్యం ఏవీ కలవాలని లేదు. అలా చేయడంలో భద్రత ఉంది, ఇద్దరు సాక్షులుగా వెళ్లాలనే లేఖనపు ఆలోచన ఉంది, దారి తప్పకుండా ఒకరినొకరు చూసుకోవడమూ ఉంది.

మిషన్‌లో అసలు కష్టం ఏదంటే చాలామంది తలుపులు మొహాన వేయించుకోవడం అనుకుంటారు. కాదు. తలుపు వేసినవాడు మళ్లీ కనిపించడు, కంపానియన్ రేపు పొద్దునా కనిపిస్తాడు. పద్దెనిమిదేళ్ల వాడు, తను ఎంచుకోని మనిషితో, తలుపేసుకోవడానికి సొంత గది లేకుండా బతకడం నేర్చుకోవాలి. ఇంట్లో అలిగితే అమ్మ వచ్చి బతిమాలుతుంది. ఇక్కడ అలిగినవాడే కాసేపటికి "పదండి ఎల్డర్, టైమ్ అయింది" అనాలి.

అతనితో అస్సలు పడకపోతే?

వారానికోసారి ఇద్దరూ కూర్చుని రాబోయే వారం పని ప్లాన్ చేసుకుంటారు. ఎవరిని కలవాలి, ఎవరికి ఏ పాఠం, ఏ సభ్యుణ్ని తోడు తీసుకెళ్లాలి అన్నీ మాట్లాడుకుంటారు. దాని చివర్లో తమ ఇద్దరి సంగతి మాట్లాడుకోవడం ఉంటుంది: ఏది బాగా చేస్తున్నాం, నాకు నీతో ఇబ్బంది ఏమిటి, నీకు నాతో ఏమిటి. చెప్పడానికి తేలిక. మా డిస్ట్రిక్ట్‌లో ఒక జంట ఉండేది. పాఠం నడుస్తున్నంత సేపూ వాళ్లలో ఒకతను పెన్ను టిక్కు టిక్కుమనిపించేవాడు. రెండో అతను వారాల తరబడి పళ్లు బిగబట్టుకుని, చివరికి ఆ రోజు చెప్పేశాడు. పెన్ను ఎల్డర్ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత పెన్ను బల్ల మీద పెట్టి, "మీరు అడిగిన ప్రశ్నకి ఆ ఇంటాయన నోరు తెరిచేలోపే మీరే జవాబు చెప్పేస్తారు. అప్పుడు నాకు టెన్షన్ వచ్చి నొక్కుతా" అన్నాడట. తర్వాతి వారం నుంచి ఆ పెన్ను మోగినప్పుడల్లా ఈయన మాట ఆపేవాడు. వాళ్లిద్దరికీ అది బాగానే పనిచేసింది.

అన్నీ ఇలా తేలవు. మాటలతో కాకపోతే డిస్ట్రిక్ట్ లీడర్‌కి, అక్కడా కాకపోతే మిషన్ ప్రెసిడెంట్‌కి చెప్పుకోవచ్చు. బెదిరింపు, చెయ్యి చేసుకోవడం, అసభ్య ప్రవర్తన లాంటివైతే వారం చివరిదాకా ఆగే పని లేదు, అదే రోజు ప్రెసిడెంట్‌కి ఫోన్ చేయాలి. చెప్పడం చాడీ కాదని మీ పిల్లలకి బయల్దేరే ముందే చెప్పి పంపండి.

ట్రాన్స్‌ఫర్ అంటే?

మామూలుగా ఆరు వారాలకోసారి మిషన్ ఆఫీసు నుంచి కబురు వస్తుంది: ఫలానా ఎల్డర్ ఫలానా ఊరికి, ఇతనికి కొత్త కంపానియన్. కొందరు ఒకేచోట నాలుగైదు ట్రాన్స్‌ఫర్లు ఉండిపోతారు, కొందరికి కుదురుకునేలోపే మూట కట్టాల్సి వస్తుంది. మిషనరీలు కాలాన్ని కొలిచేది కూడా దీంతోనే, "రెండు ట్రాన్స్‌ఫర్ల కిందట" అంటారు తప్ప మూడు నెలల కిందట అనరు. కష్టమైన కంపానియన్‌తో ఉన్నవాడికి ఆరు వారాలే కదా అనే ఆశ ఉంటుంది. మంచి స్నేహం కుదిరినవాడికి ఆ ఆరు వారాలే భయం.

పొద్దుగూకులూ తలుపులు తడుతూనే ఉంటారా?

అంత తట్టరు. కొన్నిచోట్ల అది చట్టపరంగానే కుదరదు, కుదిరినచోట కూడా దాంతో పని అయ్యేది తక్కువ. సభ్యులు పరిచయం చేసినవాళ్లను కలవడం, ఆన్‌లైన్‌లో ఆసక్తి చూపినవాళ్లతో మాట్లాడటం, చాలాకాలంగా ప్రార్థనకి రానివాళ్లను పలకరించడం, ఉచితంగా ఇంగ్లిషు నేర్పడం, ఎవరికైనా ఇల్లు మారుతుంటే సామాను మోయడం, వారం నిండా ఇవే. బోధించే పాఠాలు 2004లో వచ్చిన, 2023లో తిరగరాసిన "నా సువార్తను ప్రకటించుడి" అనే పుస్తకం ప్రకారం ఉంటాయి. వల్లించినట్టు అప్పచెప్పకూడదు, వినేవాళ్లను బట్టి సొంత మాటల్లో చెప్పాలి.

బాప్తిస్మం కావాలనుకున్నవాళ్లు ముందు ఆదివారం కూడికలకు రావాలి, ఆజ్ఞలు పాటిస్తామని ఒప్పుకోవాలి, ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఆ ఇంటర్వ్యూ పాఠం చెప్పిన మిషనరీ చేయడు, డిస్ట్రిక్ట్ లీడరో, కొన్ని డిస్ట్రిక్టులు కలిసిన జోన్‌కి లీడరో చేస్తారు. మైనర్లయితే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

వారం వారం లెక్కలు పంపాలట, నిజమేనా?

నిజమే. కొత్తగా ఎంతమందికి బోధించారు, ఎంతమంది ప్రార్థనకి వచ్చారు, ఎంతమంది బాప్తిస్మానికి తేదీ పెట్టుకున్నారు లాంటి అంకెలు పైకి వెళ్తాయి. పని ఎటు పోతోందో తెలియడానికి పనికొస్తాయి. కానీ అంకెని బట్టి మిషనరీని తూచే లీడరు దొరికాడా, ఆ ట్రాన్స్‌ఫర్ అంతా నరకమే. ఒకే కష్టానికి ఒక ఊళ్లో పదిమంది వింటారు, ఇంకో ఊళ్లో ఒక్కరూ వినరు. ఇంటి నుంచి మాట్లాడేటప్పుడు "ఈ వారం ఎన్ని బాప్తిస్మాలు?" అని మీరూ మొదలుపెట్టకండి దయచేసి.

ఆదివారం వాళ్లు ఏం చేస్తారు?

ప్రార్థన 2019 జనవరి నుంచి మూడు గంటలకు బదులు రెండు గంటలు. మొదట రొట్టె, నీళ్లు పంచుకునే సంస్కారపు కూడిక, తర్వాత తరగతి. నెలలో మొదటి ఆదివారం సాధారణంగా ఉపవాసం. మిషనరీకి మాత్రం అసలు పని కూడిక మొదలవకముందు ఉంటుంది. వారమంతా పాఠాలు విని "ఈ ఆదివారం తప్పకుండా వస్తాం" అన్నవాళ్ల కోసం గుమ్మం దగ్గర నిలబడతాడు. పియానో మొదలవుతుంది, పాట అయిపోతుంది, ఇంకా గుమ్మం వైపే చూస్తుంటాడు. చాలా ఆదివారాలు ఎవరూ రారు. వచ్చిన రోజున ఆ ఇద్దరి మొహాలు చూడాలి!

డబ్బు ఎవరు పెడతారు?

జీతం లేదు. మిషనరీ, కుటుంబం, అవసరమైతే వార్డు (స్థానిక సంఘం) సభ్యులు కలిసి నెలనెలా సంఘానికి కడతారు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లకి ఇది 2020 జూలైలో నెలకి 400 నుంచి 500 డాలర్లకు పెరిగింది. వాళ్లు ఖరీదైన నగరానికి వెళ్లినా, చవకైన ఊరికి వెళ్లినా అంతే. మిగతా దేశాల కుటుంబాలకి మొత్తం వేరు, స్తోమత లేనివాళ్లకి సంఘం నిధి ఉంది. వెళ్లిరావడానికి ప్రయాణ ఖర్చు సంఘానిదే. అక్కడ తిండికీ బస్సులకీ నెలకింత అని కార్డులో వేస్తారు. మొదటి వారంలోనే ఖర్చు చేసేసి, నెలాఖరున నూడుల్స్‌తో గడిపినవాళ్లు ప్రతి మిషన్‌లోనూ ఉంటారు.

సినిమాలు, ప్రేమలు?

రెండూ లేవు. ఫోన్ ఇస్తారు, పని కోసం. మామూలు సినిమాలు, టీవీ, వీడియో గేములు ఉండవు. డేటింగ్ కుదరదు. ఎల్డర్లు ఆడవాళ్లని గానీ సిస్టర్లు మగవాళ్లని గానీ ఒంటరిగా కలవడమూ ఉండదు, ఇంకొకరు తోడు ఉండాల్సిందే.

మా ఇంటికి వస్తే టీ కాఫీ ఇవ్వొచ్చా?

తాగరు. వాళ్ల మతంలో జ్ఞాన వాక్యము అనే నియమం ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. చల్లటి మంచినీళ్లిస్తే చాలు. వినడం ఇష్టం లేకపోతే లేదని సూటిగా చెప్పండి, ఏమీ అనుకోరు. "రేపు రండి" అని తప్పించుకోవడమే వాళ్లకి ఎక్కువ బాధ, ఎందుకంటే రేపు నిజంగా వస్తారు.

మా అమ్మాయి రోజూ ఏడుస్తోందని తెలిసింది. ఏం చేయాలి?

మొదటి కొన్ని వారాల బెంగ దాదాపు అందరికీ వస్తుంది. పని, భాష, ఒక స్నేహం కుదిరాక తగ్గుతుంది. సంఘం ఇచ్చే చిన్న పుస్తకం ఒకటి ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగుల్లో చెప్తుంది. పసుపులో ఉండటం మామూలే. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం రోజుల తరబడి సాగితే అది బెంగ దాటిపోయిందని అర్థం. మిషన్ ప్రెసిడెంట్‌కి గానీ ఆయన భార్యకి గానీ చెప్పమనండి. కౌన్సెలర్‌తో మాట్లాడే ఏర్పాటు ఉంటుంది. ప్రార్థన చేసుకో తగ్గిపోతుంది అని మాత్రం ఆపేయకండి. ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు.

గడువు పూర్తవకుండానే తిరిగి వస్తే?

వస్తారు, చాలామందే వస్తారు. ఒంట్లో బాగోలేక, మనసు బాగోలేక, ఇంటి పరిస్థితుల వల్ల, ఇంకా రకరకాల కారణాల వల్ల. వాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎందుకొచ్చావ్?" కాదు, "భోంచేశావా?". వార్డులో గుసగుసలు మొదలైతే పెద్దవాళ్లే పూనుకుని ఆపాలి. కొందరు కోలుకుని మళ్లీ వెళ్తారు, కొందరు ఇంటి దగ్గరే ఉంటూ సేవా మిషన్ చేస్తారు, కొందరు కాలేజీలో చేరిపోతారు.

పార్సిల్ పంపాలంటే ఏ అడ్రస్‌కి?

గది అడ్రస్‌కి కాదు, మిషన్ ఆఫీసు అడ్రస్‌కి. మీరు పంపినది చేరేలోపు ట్రాన్స్‌ఫర్ అయిపోయి ఉండొచ్చు. ఆఫీసు నుంచి తర్వాతి జోన్ సమావేశంలో ఎవరో ఒకరు చేతికిస్తారు. విదేశమైతే కస్టమ్స్ నియమాలు ముందే కనుక్కోండి, తినే వస్తువులు చాలాచోట్ల ఆపేస్తారు. ఆరు వారాలకోసారి సూట్‌కేసు మోసేవాడికి బరువైనవి పంపకండి. మంచి సాక్సులు రెండు జతలు, ఇంట్లోవాళ్లందరూ చేత్తో రాసిన ఉత్తరాలు పంపండి. కంపానియన్‌కి కూడా ఒక జత సాక్సులు వేయండి.